అరిసెల డబ్బాకి బదులొచ్చిన డబ్బా

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నమస్కారం అమ్మా. మా అమ్మాయి పురిటికని టోక్యో వెళ్ళి, నిషికసాయిలో మూడు నెలలుండి మొన్ననే తిరిగొచ్చాను. అక్కడ జరిగిన మూడు విషయాలు ఇంకా మనసులో మెదులుతూనే ఉన్నాయి. స్టేషన్ మెట్ల దగ్గర ఓ ముసలావిడ బరువైన సంచీతో ఆయాసపడుతుంటే అందుకోబోయాను. ఆవిడ సంచీని గుండెలకు హత్తుకుని, నాలుగుసార్లు వంగి, "దైజోబు, దైజోబు" (ఫర్వాలేదు, ఫర్వాలేదు) అంటూ గబగబా ఎక్కేసింది. రైల్లో ఒక పెద్దాయనకు లేచి సీటిస్తే చెయ్యి అడ్డంగా ఊపాడు. రెండు స్టేషన్లు దాటేదాకా ఆ సీటు ఖాళీగానే ఉంది. ఆయనా కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు. ఇక మనవడి బారసాలకి అరిసెలు వండి పక్క ఫ్లాటులో ఇచ్చాను. మర్నాడు సాయంత్రానికల్లా ఆవిడ అందమైన కాగితం చుట్టిన బిస్కెట్ల డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. నా అరిసెలకి వెలకట్టి చెల్లు వేసినట్టు అనిపించి ఆ రాత్రి నిద్రపట్టలేదు. పరాయిదేశం వాళ్ళమని దూరం పెట్టారా? వాళ్ళలో వాళ్ళూ ఇంతేనా?
— ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. వాళ్ళలో వాళ్ళూ ఇంతే. మీ చీరా బొట్టూ చూసి వద్దనలేదు. నేను 2001లో తెనాలి నుంచి అదే నిషికసాయికి కాపురానికి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళు ఉన్నాను. చివరి తొమ్మిదేళ్ళు వృద్ధులను పగటిపూట చూసుకునే కేంద్రంలో పనిచేశాను. మొదటి ఏడాదంతా మీకు పట్టిన దిగులే నాకూ పట్టింది. పైగా నాకు కోపం కూడా వచ్చేది.

ఆ కోపం తగ్గింది ఒక మాట వల్ల. సుమిమాసెన్. మీరూ రోజుకి వందసార్లు వినుంటారు. తప్పుకోమనడానికీ, క్షమాపణకీ, సాయం అందుకున్నప్పుడు కృతజ్ఞతకీ అదే మాట. దాని మూలంలో ఉన్న క్రియకి అర్థం 'తీరడం, ముగియడం'. సుమిమాసెన్ అంటే 'తీరలేదు'. మీరు కిందపడ్డ చేతిరుమాలు తీసిచ్చినా ఆవిడ నోట వచ్చేది ఆ మాటే. మీ రుణం నా మీద ఉండిపోయింది అని. మా కేంద్రానికి వచ్చే ఒక బామ్మగారు ఇది నాకు విడమరిచి చెబుతూ, "తీర్చే వీలున్న రుణం అయితే పుచ్చుకుంటాం, నువ్వెవరో, మళ్ళీ ఎక్కడ కనిపిస్తావో తెలియకపోతే నేనేం చెయ్యను?" అంది. మెట్ల దగ్గర మీ సంచీ ఆవిడకి వచ్చిన చిక్కు ఇదే. మీరెవరో ఆవిడకి తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. పై మెట్టు మీద మీరు సంచీ చేతికిచ్చి వెళ్ళిపోతే ఆ బాకీ ఆవిడ దగ్గరే ఉండిపోతుంది.

ఇంకో మాట కూడా ఉంది, మేయ్‌వాకు. ఒకరికి కలిగించే ఇబ్బంది అని అర్థం. ఇతరులకి మేయ్‌వాకు కలిగించకూడదని పిల్లలకి నర్సరీ నుంచే నేర్పుతారు. మీరు సంచీ మోస్తే మీ నడుం నొప్పి పుడుతుందేమో, మీ రైలు తప్పిపోతుందేమో అన్న లెక్క ఆవిడ బుర్రలో క్షణంలో జరిగిపోతుంది. ఆ నాలుగు నమస్కారాలూ ఆ లెక్కవే. ఈమధ్య ఇంకో భయం కూడా తోడైంది. మనవడిననో, పోలీసుననో ఫోన్ చేసి ముసలివాళ్ళ డబ్బు దోచే ముఠాలు పెరిగాక, ముక్కూమొహం తెలియనివాళ్ళతో జాగ్రత్త అని బ్యాంకుల్లో, వీధి చివర ఉండే చిన్న పోలీసు ఔట్‌పోస్టుల్లో పోస్టర్లు వెలిశాయి. దానికి మీరు బాధపడకూడదు. మన ఊళ్ళో ముసలివాళ్ళకీ ఆ జాగ్రత్త చెబుతూనే ఉన్నాం కదా.

సీటు సంగతి వేరు. 1973 సెప్టెంబరు 15న, వాళ్ళ వృద్ధుల గౌరవ దినం నాడు, టోక్యోలో చువో లైను రైళ్ళలో పెద్దవాళ్ళకని ప్రత్యేక సీట్లు మొదలుపెట్టారు. షింకాన్సెన్ అనే బుల్లెట్ రైలు సీట్ల కోసం తెచ్చిన వెండిరంగు గుడ్డ మిగిలితే దాన్నే తొడిగారు, అందుకే వాటికి సిల్వర్ సీట్లని పేరొచ్చింది. తర్వాత జపాన్‌లో సిల్వర్ అంటేనే ముసలితనం అని అర్థం స్థిరపడిపోయింది. అప్పట్లో అరవై అయిదు దాటినవాళ్ళు జనాభాలో నూటికి ఏడెనిమిది మంది. ఇప్పుడు ఇరవై తొమ్మిది మంది. డెబ్భై ఏళ్ళ మనిషి పొద్దున్నే పార్కులో వ్యాయామం చేసి, ఉద్యోగానికి పోయి వస్తున్న ఊరు అది. ఆయన ముందు మీరు లేచి నిలబడితే, బోగీలో అందరి ముందూ 'మీరు ముసలివారయ్యారు' అని చెప్పినట్టు ఆయనకి వినబడుతుంది. అక్కడి కుర్రవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? పెద్దావిడ ఎక్కడం చూడగానే, దిగిపోతున్నట్టు లేచి, అవతలి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడిపోతారు. మాట లేదు, చూపు లేదు. ఆవిడ కూర్చుంటుంది. ఎవరికీ ఎవరూ బాకీ పడలేదు. ఇది గమనించడానికి నాకు మూడేళ్ళు పట్టింది. గమనించాక మాత్రం ఆ పిల్లల మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

ఇక అరిసెలు. అమ్మా, ఒక్కటి అడుగుతాను. మీ ఇంటికి పక్కింటివాళ్ళు గిన్నెలో పులిహోర పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపిస్తారా? మా అమ్మ చిటికెడు పంచదారైనా వేసి ఇచ్చేది, ఇంట్లో అది కూడా లేకపోతే గిన్నె ఇంకో రోజు ఉంచేది. జపాన్‌లోనూ ఆ ఆచారం ఉంది. ఒ-ఉత్సురి అంటారు. పూర్వం ఖాళీ పాత్రలో అగ్గిపుల్లలో, తెల్ల కాగితమో పెట్టి ఇచ్చేవారట. మన పెళ్ళిళ్ళలో చదివింపులు పుస్తకంలో రాసుకుని, వాళ్ళింట్లో పెళ్ళికి చూసి మరీ ఇస్తాం. వాళ్ళకి చావు ఇంట కూడా ఆ లెక్క ఉంటుంది. పరామర్శకి వచ్చినవాళ్ళు కవర్లో డబ్బు ఇస్తారు, నలభై తొమ్మిది రోజులు గడిచాక ఆ ఇంటివాళ్ళు అందులో సుమారు సగం విలువ చేసే వస్తువు తిరిగి పంపిస్తారు. సగమే ఎందుకంటే, మొత్తం తిరిగిస్తే బంధం తెగినట్టు, ఏమీ ఇవ్వకపోతే మర్యాద తప్పినట్టు. మీ పక్కింటావిడ తెచ్చింది చెల్లు కాదమ్మా. మీ గిన్నెలో ఆవిడ వేసిన పంచదార అది. కాకపోతే మనం పది రోజులకి వేస్తాం, ఆవిడ మర్నాడే వేసింది.

మీ అమ్మాయికి ఒక చిట్కా చెప్పండి. ఈసారి ఏదైనా ఇచ్చేటప్పుడు, "మీ కోసం చేశాను" అనొద్దు. "ఊరి నుంచి మా అమ్మ మరీ ఎక్కువ పంపింది, ఇద్దరం తినలేకపోతున్నాం, కాస్త సాయం పట్టండి" అనాలి. అక్కడివాళ్ళు తమలో తాము ఇచ్చుకునేది ఇలాగే, ఒసుసోవాకె అంటారు. నాలుగు అరిసెలు చాలు. డబ్బా నిండా ఇస్తే డబ్బా నిండా తేవాల్సి వస్తుంది పాపం.

ఇదంతా నేను ఊహించి చెబుతున్నది కాదని నమ్మడానికి మా కేంద్రంలో సంగతి ఒకటి. ఎనభై నాలుగేళ్ళ ఒకావిడ మా వీధిలోనే ఉండేది. ఒకరోజు వానలో తడుస్తూ వెళుతుంటే గొడుగు పట్టబోయాను. వద్దంటే వద్దని రెండు సందులూ తడిసే నడిచింది. అదే ఆవిడ మంగళవారం మా కేంద్రానికొచ్చి, వీపు రుద్దించుకుని, తల తుడిపించుకుని, ఇంకాస్త వేడినీళ్ళు పొయ్యమని అడిగేది. ఎందుకు ఈ తేడా? 2000 ఏప్రిల్లో వాళ్ళకి సంరక్షణ బీమా వచ్చింది. నలభై నిండినప్పటి నుంచి ప్రతివారూ ప్రీమియం కడతారు, సాయం అవసరమైనప్పుడు ఖర్చులో పదో వంతు, ఆదాయం ఎక్కువున్నవాళ్ళయితే ఇంకొంచెం, చేతి నుంచి ఇస్తారు. అంతకుముందు సర్కారు దయ మీద బతకడం అంటే తలవంపుగా ఉండేది. బీమా వచ్చాక అది 'నేను కట్టిన డబ్బు' అయింది. నేను రుద్దిన వీపు అదే, రుద్దిన చెయ్యి అదే. వానలో మాత్రం ఆ చేతికి ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు.

ఇలాంటి మనుషులే, వద్దనడం తప్పుగా భావించే చోటు కూడా ఆ దేశంలో ఉంది. షికోకు దీవిలో కోబో దైషి అనే పూర్వపు బౌద్ధ గురువు పేరు మీద ఎనభై ఎనిమిది గుళ్ళ యాత్ర ఉంది, సుమారు 1,200 కిలోమీటర్లు. 2016 వసంతంలో సెలవు పెట్టి మొదటి ఆరు గుళ్ళూ నడిచాను. మొదటిది రియోజెన్‌జి, తొకుషిమా దగ్గర. మూడో గుడి దాటాక పొలం గట్టు మీద నుంచి ఓ పెద్దావిడ పరుగున వచ్చి నా చేతిలో రెండు కమలాలు, ఒక వంద యెన్ల బిళ్ళ పెట్టింది. పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ "దైజోబు దెస్" అనేశాను. ఆవిడ మొహం వాడిపోయింది. నా వెనక నడుస్తున్న పెద్దాయన మెల్లగా, "ఇక్కడ వద్దనకూడదు, ఆవిడ ఇస్తోంది మీకు కాదు" అన్నారు. యాత్రికుడి పక్కన దైషి కూడా నడుస్తుంటారని నమ్మకం, యాత్రికుడికిచ్చింది ఆయనకిచ్చినట్టే. దాన్ని ఒసెత్తాయి అంటారు. పుచ్చుకున్నవాళ్ళు తమ పేరు రాసిన చిన్న కాగితం చీటీ ఇస్తారు. ఇచ్చాను. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుంది. రుణం ఎలా తీరుతుందో ముందే తేలిపోయిన చోట, వాళ్ళంత తేలికగా పుచ్చుకునేవాళ్ళని నేను చూడలేదు.

2011 మార్చి 11 కూడా అలాంటి రోజే. మధ్యాహ్నం 2:46కి భూకంపం. రైళ్ళన్నీ ఆగిపోయాయి. నిహోన్‌బాషి నుంచి నిషికసాయి దాకా, సుమారు పది కిలోమీటర్లు, వేలమందితో కలిసి నడిచాను. మొన్‌జెన్‌నకాచో దగ్గర ఒక చిన్న దుకాణం ముందు కుర్చీలు వేసి, మరుగుదొడ్డి వాడుకోవచ్చని అట్టముక్క మీద రాసి పెట్టారు. దుకాణం ఆవిడ వేడి టీ ఇస్తుంటే సూట్లు వేసుకున్న మగవాళ్ళు కూడా నోరెత్తకుండా అందుకున్నారు. ఆవిడ అందరితో అన్నది ఒకటే మాట, ఒతగైసామా. ఇవాళ మీరు, రేపు నేను అని. ఆ రాత్రి ఎవరు ఎవరికి బాకీయో లెక్కపెట్టే స్థితిలో ఎవరూ లేరు.

మీ మనవడికి నా ఆశీస్సులు. ఆ బిస్కెట్లు తినకుండా దాచి ఉంటే మాత్రం తినేయండి. మీ అమ్మాయి చేత "చాలా బాగున్నాయి" అని ఆవిడకి చెప్పించండి. ఆవిడ ఎదురుచూసేది ఆ కబురు కోసమే.

ప్రశ్న: 2022లో ప్రపంచ దాతృత్వ సూచీలో 119 దేశాలకు గాను జపాన్‌ది 118వ స్థానం. అపరిచితులకు సాయం చేశారా అన్న ప్రశ్నకి కూడా వాళ్ళు బాగా అడుగున ఉన్నారు. మనం ఆ దేశాన్ని అనవసరంగా నెత్తిన పెట్టుకుంటున్నామా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ సర్వే అడిగేది, గడిచిన నెలలో మీరు ముక్కూమొహం తెలియని ఎవరికైనా సాయపడ్డారా అని. రైల్లో దిగిపోతున్నట్టు లేచిన కుర్రవాణ్ణి అడిగితే లేదనే చెబుతాడని నా నమ్మకం.

నా పర్సు ఒకసారి సైకిల్ బుట్టలోంచి జారిపోయింది. లోపల 27,000 యెన్లు. రెండో రోజు కోబన్ నుంచి, అంటే వీధి పోలీసు ఔట్‌పోస్టు నుంచి, ఫోన్. చట్టం ప్రకారం దొరికినవాళ్ళు అందులో 5 నుంచి 20 శాతం బహుమానం అడగవచ్చు, మూడు నెలల్లో సొంతదారు రాకపోతే సొమ్మంతా వాళ్ళదే. ఆ హక్కులు కావాలా, మీ పేరు సొంతదారుకి చెప్పవచ్చా అని కాగితం మీదే అడుగుతారు. నా పర్సు తెచ్చినవారు రెండూ వద్దని రాసి వెళ్ళిపోయారు. చేతులు జోడించడానికి కూడా నాకు మనిషి లేకుండా పోయారు. అప్పుడు తెలిసింది నాకు, తీర్చుకోలేని రుణం లోపల ఎంత బరువుగా ఉంటుందో.

2010 డిసెంబరు 25న గున్మా రాష్ట్రం మాయెబాషిలో పిల్లల సంరక్షణ కార్యాలయం గుమ్మంలో ఎవరో పది కొత్త స్కూలు బ్యాగులు పెట్టి వెళ్ళారు. రందోసెరు అనే ఆ తోలు బ్యాగులు ఖరీదైనవి, అనాథ పిల్లలకి అందనివి. చీటీ మీద ఉన్న పేరు ఒక పాత కామిక్ కథలో అనాథలను ఆదుకునే వీరుడిది. కొన్ని వారాల్లో అదే పేరుతో దేశమంతటా బ్యాగులు, బొమ్మలు, పెన్సిళ్ళు గుమ్మాల్లో కనిపించడం మొదలైంది. ఇచ్చినవాళ్ళు ఎవరో తెలియకపోతే పుచ్చుకున్న పిల్లవాడు ఎవరికీ తలవంచక్కర్లేదు.

అయినా ఆ అంకెలో నిజం లేదని అనలేను. పసిబిడ్డ బండితో మెట్ల కింద నిలబడ్డ తల్లి పక్క నుంచి పదిమంది దాటిపోవడం నేను చూశాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వద్దంటుందేమో, అనవసరంగా తలదూర్చినట్టు అవుతుందేమో అని వెనకాడారు. అరిగతా మేయ్‌వాకు అని ఒక మాట ఉంది, కృతజ్ఞత చెప్పక తప్పని ఇబ్బంది అని అర్థం. తాము అలాంటి ఇబ్బంది అవుతామన్న భయం వాళ్ళ కాళ్ళు కట్టేస్తుంది. అక్కడి పాత సామెత ఒకటి, 'దయ అవతలివాడి కోసం కాదు' అని. చూపిన దయ తిరిగి మనకే వస్తుందని దాని అసలు అర్థం. ప్రభుత్వ సాంస్కృతిక శాఖ 2010లో జనాన్ని అడిగితే దాదాపు సగం మంది, 'దయ చూపితే అవతలివాడు చెడిపోతాడు' అని దాని అర్థం చెప్పారు. నాకు ఆ 118 కన్నా ఈ సగమే ఎక్కువ బాధ కలిగించింది.

ప్రశ్న: అక్కా, నాది కరీంనగర్. నర్సింగ్ చదివాను. జపనీస్ నేర్చుకుని వృద్ధుల సంరక్షణ పనికి జపాన్ వెళ్ళబోతున్నాను. అక్కడి పెద్దవాళ్ళు ఏది ఇచ్చినా వద్దంటారని విన్నాను. వద్దంటే వదిలెయ్యాలా, మనింట్లోలాగా బలవంతం చెయ్యాలా?

జవాబు: రెండూ వద్దు తల్లీ. మనకి మొహమాటం అనే మాట ఉంది, వాళ్ళకి ఎన్‌ర్యో ఉంది. ఈ రెండు మాటలూ అక్కచెల్లెళ్ళు. తేడా అల్లా, మన ఇళ్ళలో మొహమాటాన్ని పోగొట్టే పని వడ్డించేవాళ్ళది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె పడుతుంది. అక్కడ కొత్తవాళ్ళ దగ్గర రెండోసారి అడగవచ్చు, మూడోసారి అడిగితే నీ దగ్గరికి రావడం మానేస్తారు.

కానీ నీ పనిలో వాళ్ళ వద్దు అన్న మాట ప్రాణం మీదికి రావచ్చు. ఎండాకాలంలో ముసలివాళ్ళు మంచినీళ్ళు తాగరు. దాహం లేక కాదు. తాగితే బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళమని నిన్ను పిలవాలి, అది నీకు ఇబ్బంది అని. మధ్యాహ్నానికి నాలుక ఎండిపోయి ఉంటుంది, అడిగితే "దైజోబు" అంటారు. ఆ దేశంలో 2024లో ఒంటరిగా ఉంటూ ఇంట్లోనే చనిపోయినవారు 76,000 మందికి పైగా అని పోలీసుల లెక్క, వాళ్ళలో ముప్పాతిక మంది అరవై అయిదు దాటినవాళ్ళు. అందరూ ఎన్‌ర్యో వల్ల పోయారని కాదు. పక్కింటి గంట నొక్కితే ఇబ్బందేమో అనుకుని ఆగిపోయినవాళ్ళు అందులో ఎందరో అని మాత్రం నేను తలుచుకుంటూ ఉంటాను.

అందుకే "టీ కావాలా?" అని అడగొద్దు. అడిగితే జవాబు ముందే తెలుసు కదా. రెండు కప్పులు తెచ్చి, ఒకటి ఆయన ముందు పెట్టి, ఒకటి నువ్వు పట్టుకుని పక్కన కూర్చో. "నేను తాగుతున్నాను, తోడుండండి" అను. బాత్‌రూమ్ సంగతీ అంతే, "నేనూ అటే వెళుతున్నాను" అంటే చాలు. వాళ్ళు సుమిమాసెన్ అన్నప్పుడల్లా "ఒతగైసామా దెస్" అను. ఏదో ఒక పని వాళ్ళ చేత కూడా చేయించుకో. నీ జపనీస్ తప్పులు దిద్దమను, తువ్వాళ్ళు మడతపెట్టమను.

మా దగ్గరికి తొంభై ఒక్క ఏళ్ళ ఒక పెద్దాయన వచ్చేవారు. వడ్రంగం చేసిన చేతులు. రెండు నెలలపాటు నా చేత్తో ఏమీ తీసుకోలేదు. నేను రోజూ రెండు కప్పులు పెట్టేదాన్ని, నాది తాగేదాన్ని, ఆయనది చల్లారిపోయేది. మూడో నెలలో ఒకరోజు ఆయన ఏమీ మాట్లాడకుండా నా కప్పు వైపు చూశారు. ఖాళీగా ఉంది. వణుకుతున్న చేత్తో టీ జగ్గు తనే లేపి నాకు పోశారు. సగం బల్ల మీద ఒలికింది. "చాలండీ" అనబోయి ఆగిపోయాను. అంచుదాకా పోయించుకుని, రెండు చేతులతో పట్టుకుని తాగాను. ఆయన తన కప్పు అందుకున్నారు.